డ్రైవర్‌ని ఎవరు చంపారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)

కార్యక్రమ పత్రంలో నా పేరు పక్కన 'సినిమా - సమాజం' అని వేశారు. అంత పెద్ద విషయం నా తలకి మించినది. నిన్న రాత్రి మనందరం ఈ హాల్లోనే కూర్చుని చూసిన సినిమా గురించి, అది చూశాక మీరు రాసిచ్చిన మాటల గురించి మాట్లాడి దిగిపోతాను. అధ్యక్షులవారు ఇరవై నిమిషాలిచ్చారు. మా బ్యాచ్‌వాడే కాబట్టి ఇంకో అయిదు నిమిషాలు చూసీ చూడనట్టు ఊరుకుంటాడని నమ్మకం.

నిన్న రాలేకపోయినవాళ్ళ కోసం ఒక మాట. మన సంఘం పెట్టిన కొన్నేళ్ళకి, నెలకో సినిమా వేసే అలవాటు ఒకటి మొదలైంది. రెండో శనివారం సాయంత్రం టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి, ఎనిమిదో తరగతి గదిలో బల్లలు వెనక్కి జరిపి వేసేవాళ్ళం. ఆ బాధ్యత నాది. బ్యాంకు ఉద్యోగం, సినిమా పిచ్చి రెండూ నాకు ఒకే ఏడాది పట్టుకున్నాయి. ఉద్యోగం అరవై ఏళ్ళకి వదిలింది, పిచ్చి వదల్లేదు. స్వర్ణోత్సవాలకి ఆ రోజుల్లో వేసిన సినిమా ఒకటి మళ్ళీ వేద్దామని కార్యవర్గం అనుకున్నప్పుడు, నేను 'ది బిగ్ స్లీప్' పేరు చెప్పాను. 1946లో వచ్చిన అమెరికన్ డిటెక్టివ్ సినిమా. హోవార్డ్ హాక్స్ దర్శకుడు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ జంట. "ఇంకేం దొరకలేదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. దానికో కారణం ఉంది, వస్తాను.

నిన్న సినిమా అయ్యాక, టీలు ఇచ్చేటప్పుడు చీటీలు పంచి, తోచింది ఒక్క వాక్యం రాయమన్నాను. జేబు నిండా వచ్చాయి. కొన్ని చదువుతాను.

లెక్కల మాస్టారు ఇలా రాశారు: "సోపానాలు రాయకుండా జవాబు రాసిన విద్యార్థికి నేను సగం మార్కులే వేసేవాణ్ణి. ఇతను జవాబు కూడా రాయలేదు." మాస్టారూ, ఎనభై దాటినా మీ ఎర్రసిరా ఆరలేదు.

పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన మా మిత్రుడు: "ఏడు చావులు. ఒక్క పంచనామా లేదు. ఆ డిటెక్టివ్‌ని ముందు లోపలెయ్యాలి."

ఈ మధ్యే చదువు ముగించి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి: "కథ వదిలేశాను. వాళ్ళిద్దరూ మాట్లాడుకునే మాటలు మాత్రం ఫోన్లో రాసుకున్నాను."

తెలుగు టీచరు గారు: "పుస్తకాల షాపు పిల్ల దగ్గర్నుంచి టాక్సీ నడిపే అమ్మాయి దాకా, కనపడిన ప్రతి ఆడదీ ఆయన్ని చూసి ఒళ్ళు మరిచిపోతుందేమిటయ్యా? అద్దంలో ఆయన మొహం ఆయన చూసుకున్నాడా?"

పేరు రాయని చీటీ ఒకటి: "మధ్యలో నిద్రపోయాను. టైటిల్ సార్థకం." దస్తూరీ చూస్తే అధ్యక్షులవారిదిలాగే ఉంది.

ఇంకో చీటీ ఉంది. దాన్ని చివరికి ఉంచుతాను.

కథ చూడనివాళ్ళ కోసం, చూసి కూడా అర్థం కానివాళ్ళ కోసం, నాకు అర్థమైనంత చెబుతాను. లాస్ ఏంజెలెస్ నగరం. జనరల్ స్టెర్న్‌వుడ్ అని కాళ్ళు పడిపోయిన ముసలి కోటీశ్వరుడు. ఆర్కిడ్ మొక్కలు పెంచే గాజు ఇంట్లో, ఆ ఉక్కలో, చక్రాల కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఫిలిప్ మార్లో అనే ప్రైవేట్ డిటెక్టివ్‌ని పిలిపించి, తాను తాగలేడు కాబట్టి అతని చేత బ్రాందీ తాగించి, అది చూసి తృప్తిపడతాడు. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. చిన్నమ్మాయి కార్మెన్ సంతకం చేసిన ప్రామిసరీ నోట్లు పెట్టుకుని గైగర్ అనే పుస్తకాల వ్యాపారి డబ్బు గుంజాలని చూస్తున్నాడు. అది తేల్చమని మార్లోకి పని అప్పజెబుతాడు. ఆ రాత్రే గైగర్ తన ఇంట్లో హత్యకి గురవుతాడు. అతని కెమెరాలో ఫిల్మ్ మాయమవుతుంది. తెల్లారేలోగా సముద్రపు ఒడ్డున వంతెన పక్కన నీళ్ళలో జనరల్ గారి కారు తేలుతుంది. అందులో వాళ్ళ డ్రైవర్ ఓవెన్ టేలర్ శవం. అక్కడి నుంచి జూదశాల నడిపే ఎడ్డీ మార్స్, అతని భార్య, ఆమెతో లేచిపోయాడని పుకారున్న షాన్ రీగన్, బ్లాక్‌మెయిల్ చేసే జో బ్రాడీ, ఒకరి వెనక ఒకరు వస్తారు. పెద్దమ్మాయి వివియన్ ఏం దాస్తోందో చివరిదాకా తెలియదు. చివరి దృశ్యంలో ఎడ్డీ మార్స్ తన మనుషుల తుపాకులకే బలవుతాడు, మార్లో, వివియన్ ఒకరినొకరు చూసుకుంటారు, సినిమా అయిపోతుంది.

మన తరానికి ఇది మింగుడుపడదు. మనం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాళ్ళం. (మాస్టారూ, మీకు తెలుసని మాకూ తెలుసు.) చివరికొచ్చేసరికి చిక్కుముడి విప్పి చేతిలో పెట్టాలి. అప్పుడే పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అద్దె గిట్టినట్టు అనిపించేది. అద్దె పుస్తకాలంటే గుర్తొచ్చింది, ఆ గైగర్ చేసేదీ అద్దె పుస్తకాల వ్యాపారమే. అయితే అవి వేరే రకం పుస్తకాలు.

అర్థం కాకపోవడంలో మీ తప్పేం లేదని చెప్పడానికి మూడు సంగతులు చెప్పాలి.

రేమండ్ చాండ్లర్ ఈ నవలని 1939లో ప్రచురించాడు. అంతకు ముందు పత్రికల్లో రాసిన కథల్ని తీసుకుని, వేరు వేరు హత్యల్ని ఒకే కుటుంబానికి అతికించి అల్లిన నవల ఇది. 'కిల్లర్ ఇన్ ది రెయిన్', 'ది కర్టెన్' అనే రెండు కథలు అందులో ముఖ్యమైనవి. రెండు చీరలు కలిపి కుట్టినట్టు. కుట్టు కనబడుతుంది. చాండ్లర్ దాన్ని దాచాలని పెద్దగా తాపత్రయపడ్డట్టు కూడా లేదు.

రెండోది సెన్సారు. 1934 నుంచి హాలీవుడ్‌లో గట్టిగా అమలైన నియమావళి ఒకటి ఉండేది. గైగర్ దుకాణంలో ఇచ్చేవి అశ్లీల పుస్తకాలని సినిమాలో ఎవరూ పైకి అనకూడదు. నవలలో కార్మెన్‌ని ఎలా ఫోటో తీశారో సినిమాలో చూపించకూడదు. గైగర్‌కీ అతని ఇంట్లో ఉండే కుర్రాడికీ ఉన్న సంబంధం మాట అసలే ఎత్తకూడదు. నవలలో రీగన్‌ని చంపింది ఎవరో సూటిగా తెలుస్తుంది. సినిమాలో ఆ నేరాన్ని అటూ ఇటూ తిప్పి మసకచేశారు. నిన్న మా పోలీసు మిత్రుడు సినిమా మధ్యలో నా చెవిలో, "ఆ షాపులో అసలు ఏం అమ్ముతున్నారురా? కనీసం అది చెప్పు" అన్నాడు. వాడు అడిగింది సరైన ప్రశ్న. ఆ షాపులో ఏముందో చెప్పకపోతే, దాని కోసం ఇంతమంది ఎందుకు చంపుకుంటున్నారో ఎలా తెలుస్తుంది?

మూడో సంగతి అసలైనది. ఈ సినిమా మొదటిసారి పూర్తయింది 1945 మొదట్లో. అప్పట్లో విదేశాల్లో ఉన్న అమెరికన్ సైనికులకి వేసి చూపించారు కూడా. యుద్ధం ముగిసిపోతే యుద్ధం సినిమాలు చూసేవాళ్ళుండరని వార్నర్ బ్రదర్స్ వాళ్ళు వాటిని ముందు వదిలి, దీన్ని పక్కన పెట్టారు. ఈలోగా బకాల్ నటించిన ఇంకో సినిమా దెబ్బతింది. ఆ అమ్మాయికి పేరు తెచ్చిన పొగరు, చలాకీతనం ఈ సినిమాలో సరిపోలేదనీ, బోగార్ట్‌తో ఇంకొన్ని సన్నివేశాలు తీయాలనీ ఆమె ఏజెంటు స్టూడియో అధిపతికి ఉత్తరం రాశాడు. 1946 జనవరిలో మళ్ళీ షూటింగ్ పెట్టారు. నిన్న మీరంతా నవ్విన గుర్రప్పందేల సంభాషణ, ఆ హైదరాబాదు అమ్మాయి ఫోన్లో రాసుకున్నది, అప్పుడు చేర్చినదే. చిన్న విశేషం: మొదటిసారి తీసినప్పుడు వాళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు. రెండోసారికి మొగుడూ పెళ్ళాలు. 1945 మే నెలలో పెళ్ళి, ఆమెకి ఇరవై, ఆయనకి నలభై అయిదు. పెళ్ళయ్యాక కూడా ఆ చూపులు అలా నిలబెట్టడం నటనే అని నా శ్రీమతి అభిప్రాయం.

కొత్తవి చేర్చాలంటే పాతవి తీయాలి కదా. తీసేసిన వాటిలో ఒకటి, మార్లో ప్రభుత్వ న్యాయవాది ఆఫీసులో కూర్చుని అప్పటిదాకా జరిగిందంతా వరసగా చెప్పే సన్నివేశం. అంటే, మన యుగంధర్ విప్పే చిక్కుముడి! అది ఉంది. తీశారు. చేతులారా కత్తిరించి పారేశారు. దాని స్థానంలో ఒక మగవాడూ ఆడదీ గుర్రాల గురించి మాట్లాడుకునే సన్నివేశాలు పెట్టారు. సినిమా బాగా ఆడింది.

1946 ఆగస్టులో విడుదలైనప్పుడు న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు బాస్లీ క్రౌథర్, ఇన్ని గూఢమైన సంగతులు ఒకదాని మీద ఒకటి పడుతుంటే బుర్ర తిరిగిపోతోందని విసుక్కున్నాడు. లెక్కల మాస్టారూ, మీకు మంచి తోడు దొరికింది. ఆ 1945 నాటి ప్రతి తర్వాత దొరికింది, 1997లో థియేటర్లలో వేశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన రాజర్ ఈబర్ట్, స్టూడియోవాళ్ళు వేలు పెట్టి బాగుచేసిన సందర్భం ఇదొకటని తేల్చాడు. పాత ప్రతిలో కథ తేటగా ఉంటుంది, సినిమా చప్పగా ఉంటుంది. నేనూ రెండూ చూశాను. నా ఓటూ 1946 దానికే. ఇప్పటికీ దానికే.

ఇలాంటి సినిమాలకి 'ఫిల్మ్ న్వార్', అంటే నల్ల సినిమా అని పేరు. ఆ మాటని ఈ అమెరికన్ సినిమాలకి అంటించింది ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్, అదే 1946లో. యుద్ధకాలంలో ఆగిపోయిన అమెరికన్ సినిమాలన్నీ ఒక్కసారి పారిస్‌లో దిగితే, వాటిలో చీకటి చూసి ఆ మాట అన్నాడు. తీస్తున్నవాళ్ళకి తాము నల్ల సినిమా తీస్తున్నామని తెలియదు. ఏదో డిటెక్టివ్ సినిమా తీస్తున్నామనుకున్నారు. స్క్రిప్టు రాసినవాళ్ళని చూడండి. ఒకరు విలియం ఫాక్నర్, తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న నవలాకారుడు. ఇంకొకరు లీ బ్రాకెట్. ఆమె రాసిన డిటెక్టివ్ నవల చదివి హాక్స్, ఆ బ్రాకెట్ అనే మగాణ్ణి పిలిపించండి అన్నాడట. తీరా చూస్తే ఇరవైల్లో ఉన్న అమ్మాయి. తర్వాత ఎన్నో ఏళ్ళకి స్టార్ వార్స్ రెండో సినిమాకి మొదటి చిత్తు రాసింది కూడా ఆమే. మూడో ఆయన జూల్స్ ఫర్త్‌మన్.

ఇక ప్రపంచమంతా చెప్పుకునే ముచ్చట. షూటింగ్ జరుగుతుండగా ఆ డ్రైవర్ ఓవెన్ టేలర్ గొడవ వచ్చింది. వాణ్ణి ఎవరైనా చంపారా, వాడే చచ్చాడా? జో బ్రాడీ, "వాడి తల మీద కొట్టి ఫిల్మ్ లాక్కున్నాను, చంపలేదు" అంటాడు. మరి ఎవరు? ఎవరికీ తెలియలేదు. చాండ్లర్‌కి టెలిగ్రాం ఇచ్చారు. నాకూ తెలియదని ఆయన జవాబిచ్చాడు. ఈ సంగతి ఆయనే తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా ఈ ముచ్చట చెబుతారు. రాసినవాడికే తెలియని హత్య! అందరూ నవ్వుతారు. నేనూ ఎన్నోసార్లు చెప్పి నవ్వించాను.

1987లో కూడా నవ్వించాను. ఆ సంగతి చెప్పాలి.

ఆ ఏడాది వేసవిలో, అమెరికా నుంచి వచ్చిన మా బ్యాంకు మేనేజరు గారి తమ్ముడు తెచ్చిన క్యాసెట్ అడిగి తీసుకుని, రెండో శనివారం ఈ సినిమా వేశాను. క్యాసెట్ అరిగిపోయి ఉంది, వాన సన్నివేశాల్లో ఏది వానో ఏది గీతలో తెలియలేదు. అయ్యాక ఎప్పటిలాగే చర్చ. మా బ్యాచ్ మిత్రుడొకడు లేచాడు. పేరు చెప్పను. మూడో వరసలో ఉన్నాడు, నవ్వుతున్నాడు కూడా. లేచి, "అంతా బాగుంది గానీ, ఆ డ్రైవర్‌ని ఎవరు చంపారు?" అన్నాడు. అప్పటికి నేను ఎక్కడో చదివి ఉన్న టెలిగ్రాం కథ చెప్పాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. "అది కాదు. రాసినవాడికి తెలియకపోతే పోనీ. ఆ ఇంట్లోవాళ్ళు ఒక్కళ్ళయినా అడగాలి కదా" అన్నాడు. నాకు చిరాకొచ్చింది. అర్ధరాత్రి దాకా మేలుకుని ఆ సినిమా గురించి మూడు పేజీలు రాసుకుని వచ్చాను నేను. "కథ కావలసినవాడు హరికథకి వెళ్ళాలి, సినిమాకి కాదు" అన్నాను. గది గదంతా ఘొల్లుమంది.

వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత రెండో శనివారాలకి రాలేదు. మాట్లాడడం మానలేదు. మా అమ్మాయి పెళ్ళికి మూడు రోజుల ముందే వచ్చి పందిరి రాటలు వేయించాడు. కానీ సినిమాకి మాత్రం రాలేదు. ఒకటి రెండుసార్లు పిలిచాను. "మాకు అర్థం కావురా ఆ సినిమాలు" అనేవాడు. నిజమే కాబోలు అనుకున్నాను.

వాళ్ళ నాన్నగారు మన ఊళ్ళో ఒక రైసుమిల్లు యజమాని కారు నడిపేవారు. 1968లో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక రాత్రి ఆయన్ని పొరుగూరు పంపించారు. తెల్లారి కారు కాలవలో కనబడింది. ఈ సంగతి ఇక్కడున్న మా బ్యాచ్‌వాళ్ళందరికీ తెలుసు. ఆ రోజు మా క్లాసుకి సెలవిచ్చారు, మేమంతా కాలవగట్టు మీదకి వెళ్ళి నిలబడ్డాం. ఎద్దుల బండ్లకి మోకులు కట్టి కారుని బయటికి లాగారు. ఆ పైన ఊళ్ళో ఒక నెల రోజులు ఆ కారు గురించే మాట. ఇంజను బాగవుతుందా, బీమా వస్తుందా, కొత్త కారు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది అని. అప్పట్లో కారు బుక్ చేస్తే ఏళ్ళ తరబడి ఆగాల్సి వచ్చేది మరి. ఆయన్ని ఆ రాత్రి ఎవరు పంపారు, ఎందుకు పంపారు, నిద్ర లేకుండా ఎన్ని రోజుల నుంచి తిప్పుతున్నారు, ఇవేవీ ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళు ఆ కారు గలవాళ్ళే.

ఇదంతా నాకు తెలియక కాదు. ఆ గట్టు మీద వాడి పక్కన నిలబడ్డవాణ్ణి నేనే. 1987లో వాడు లేచి ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు కాలవ గుర్తు రాలేదు. సినిమాలో నీళ్ళలోంచి కారు తీసిన మాట విన్నప్పుడు కూడా గుర్తు రాలేదు. నాకు గుర్తొచ్చింది చాండ్లర్ టెలిగ్రాం.

గుర్తుకొచ్చింది నాలుగేళ్ళ కిందట. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఆ నవల తీసి చదివాను. అందులో పోలీసు మిత్రుడు మార్లోకి ఫోన్ చేసి, స్టెర్న్‌వుడ్‌ల కారు నీళ్ళలో పడిందని చెబుతాడు. మంచి కొత్త బ్యూక్ కారు, ఉప్పునీళ్ళలో ఇసకలో పాడైందని చెబుతాడు. అంతా అయ్యాక, మరిచేపోయానంటూ, లోపల ఒక మనిషి కూడా ఉన్నాడంటాడు. ముందు కారు. తర్వాత మనిషి. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

చాండ్లర్ అది తెలియక రాయలేదు. ఆ పోలీసు మాటల్లో ఉన్న కరుకుదనం మనకి తగలాలనే రాశాడు. ఆ నవలలోనే ఓవెన్ టేలర్ గురించి ఇంకొంచెం ఉంది. ఏడాది కిందట అతను కార్మెన్‌ని తీసుకుని వెళ్ళిపోయాడు. అక్క వెంటపడి పట్టించి జైల్లో వేయించింది. తర్వాత ఆవిడే వెళ్ళి, అతను చెల్లెల్ని నిజంగా పెళ్ళి చేసుకుందామనే తీసుకెళ్ళాడని చెప్పి విడిపించింది. మళ్ళీ ఆ ఇంట్లోనే డ్రైవర్‌గా పెట్టుకున్నారు. ఆ రాత్రి గైగర్‌ని కాల్చింది కూడా ఆ పిల్ల కోసమే. అలాంటి మనిషి చచ్చిపోతే అది ఎవరి పని అన్నది రాసినవాడికి పట్టలేదు, తీసినవాళ్ళకి పట్టలేదు, చూసిన మాకు అదొక హాస్యం. కథలో చిన్న కన్నం అనుకున్నాం. వాడు అడిగింది కన్నం గురించి కాదు.

ఇలా అన్నానని సినిమాని తీసిపారేస్తున్నాననుకోకండి. అదే సినిమాలో హ్యారీ జోన్స్ ఉన్నాడు. నిన్న మీలో ఎక్కువమంది చీటీల్లో అతని గురించి రాయలేదు గానీ, ఆ సన్నివేశం వచ్చినప్పుడు హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. పొట్టి మనిషి, ఎలైషా కుక్ జూనియర్ వేశాడు. చిల్లర దొంగ. ఆగ్నెస్ అనే ఆవిడ కోసం మార్లోకి ఒక సమాచారం అమ్మజూపుతాడు. కనీనో అనే కిరాయి హంతకుడు అతన్ని గదిలో పట్టుకుని ఆవిడ ఎక్కడుందో చెప్పమంటాడు. పక్క గదిలో మార్లో. తలుపు ఇవతల నిలబడి అన్నీ వింటున్నాడు, చేతిలో తుపాకీ లేదు, ఏం చేయలేడు. జోన్స్ ఒక చిరునామా చెబుతాడు. కనీనో మర్యాదగా మందు పోసి ఇస్తాడు, తాగమంటాడు. జోన్స్ తాగుతాడు. అందులో విషం. తర్వాత తెలుస్తుంది, జోన్స్ చెప్పిన చిరునామా తప్పుది. ప్రాణం పోతుందని తెలిసో తెలియకో, ఆవిణ్ణి మాత్రం పట్టివ్వలేదు. ఆ ఆగ్నెస్ రెండొందల డాలర్లు తీసుకుని, చెప్పాల్సింది చెప్పి, కారెక్కి పోతుంది.

అక్కడి నుంచి బోగార్ట్ మొహం చూడండి. అప్పటిదాకా ఉన్న వెటకారం పోతుంది. ఏడు చావుల్లో మార్లో మనసుకి తగిలిన చావు అదొక్కటే. మిగతా సినిమా అంతా ఆ పొట్టివాడి బాకీ తీర్చడమే అని నాకనిపిస్తుంది. కాబట్టి చిన్నవాళ్ళ చావు పట్టని సినిమా అని దీన్ని అనలేను. ఒక చిన్నవాణ్ణి పట్టించుకుంది. ఇంకొకణ్ణి నీళ్ళలో వదిలేసింది. రెండూ ఒకే సినిమాలో. ఇంత తెలిసి రాసినవాళ్ళు అది ఎలా చేయగలిగారో నాకిప్పటికీ అంతుపట్టదు. ఈ సినిమాలో నాకు అర్థం కానిది ఏదైనా ఉంటే అదే.

రెండు నెలల కిందట స్వర్ణోత్సవాల పని మీద వాడింటికి వెళ్ళాను. చందా పుస్తకం పక్కన పెట్టి, 1987లో నేనన్న మాట గుర్తుందా అని అడిగాను. "హరికథా?" అన్నాడు. గుర్తుంది. తప్పయిందన్నాను. "నువ్వొక్కడివే నవ్వించావు, నలభైమంది నవ్వారు" అన్నాడు. కాసేపాగి, "మళ్ళీ వెయ్యి. ఈసారి కాస్త మంచి క్యాసెట్ తీసుకురా" అన్నాడు. కార్యవర్గానికి నేను ఈ సినిమా పేరు చెప్పడానికి కారణం అది. ఇదంతా సభలో చెప్పనా అని నిన్న రాత్రి అడిగాను. "చెప్పు. కానీ అందరూ అంబాసిడర్ అంటారు, నువ్వు అనకు. అది ఫియట్" అన్నాడు.

మిగిలిన చీటీ ఇది. పేరు లేదు. దస్తూరీ నాకు తొమ్మిదో తరగతి నుంచి తెలుసు. "డ్రైవర్‌ని ఎవరు చంపారు?" అని రాసి ఉంది. కింద, "పొట్టివాడి సీను బాగుంది."

ఇవాళ సాయంత్రం ఆరింటికి, భోజనాలకి ముందు, ఇదే హాల్లో 1945 నాటి ప్రతి వేస్తున్నాం. మార్లో కూర్చుని అంతా వివరించే సన్నివేశం అందులో ఉంటుంది. లెక్కల మాస్టారికి సోపానాలు దొరుకుతాయి. మా వాడు అడిగినదానికి అందులో జవాబుందని మాత్రం నేను మాటివ్వలేను. వాడితో అదే చెప్పాను. "వస్తాను. దొరక్కపోతే లేచి మళ్ళీ అడుగుతాను, ముందే చెబుతున్నా" అన్నాడు. మూడో వరసలో ఫ్యాను కింద కుర్చీ వాడిది. దయచేసి ఎవరూ కూర్చోకండి.